ఊర్లకు పోయినప్పుడు స్మార్ట్ బేబీ మానిటర్ ఎంత పనికొస్తది: హన్మకొండ నుంచి ఒక అమ్మ రివ్యూ

ఇంట్ల వాడుకునేటోళ్లకైతే ఈ కెమెరా కండ్లు మూసుకొని కొనుక్కోండ్రి అని చెప్త, కానీ ఊర్లకు తీస్కపోదామని కొనేటోళ్లు మాత్రం ఇది మొత్తం చదివి అప్పుడు పైసలు పెట్టుండ్రి. నేను రాసేది వై-ఫై తోటి నడిచే రకం గురించి, అంటే ఫోన్ల యాప్ వేసుకొని చూసేది, తల అటు ఇటు తిరిగేది, చీకట్ల కూడా కనబడేది, పిల్లగాడు ఏడిస్తే ఫోనుకు అలర్ట్ కొట్టేది. కొన్ని డబ్బాల మీద బేబీ మానిటర్ అని రాస్తరు కొన్నిట్ల హోం కెమెరా అని రాస్తరు, లోపల పని దాదాపు ఒక్కటే.

ఇంటి సంగతి తక్కువల చెప్త. బాబు లోపటి రూంల పంటడు, నేను వంటింట్ల ఉంట, మిక్సీ నడిచేటప్పుడు ఏడుపు అస్సలు వినబడది, కెమెరా వచ్చినంక ఆ పరేషాన్ పోయింది. మా ఆయన హైదరాబాద్ల ఆఫీసు నుంచి లంచ్ టైంల చూసుకుంటడు, అక్కడికెళ్లి పేరు పెట్టి పిలిస్తే వీడు కెమెరా దిక్కు చూసి చేతులు లేపుతడు. ఇంట్ల ఐదుకు ఐదు.

అసలు పరీక్ష బయటికి పోయినప్పుడే. బాబు పుట్టెంట్రుకలు తీయించనీకి వేములవాడ పోయినం, కోడె మొక్కు కూడా ఉండె, కరీంనగర్ మీదికెళ్లి పొయ్యేసరికి పొద్దూకింది, రాత్రికి లాడ్జిల రూం తీసుకున్నం. లాడ్జిల వై-ఫై ఉన్నది కానీ కనెక్ట్ చేస్తే ఒక పేజీ ఓపెన్ అయి నంబర్ కొట్టు ఓటీపీ కొట్టు అంటది. ఫోన్ల అయితే కొడ్తం, కెమెరాకు స్క్రీన్ లేదు, ఆ పేజీ తెరిచే దారే దానికి లేదు. ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు, లాగిన్ పేజీ వచ్చే వై-ఫై ఎక్కడున్నా ఈ రకం కెమెరాలు దానికి ఎక్కయి. హోటల్ల ఫ్రీ వై-ఫై ఉంది కదా అని ధైర్యంగ కెమెరా బ్యాగుల వేసుకునేటోళ్లు ఇది గుర్తు పెట్టుకోండ్రి.

మరి ఏం చేయాలె అంటే ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. మా మరిది చెప్పిన ఉపాయం ఒకటి ఉంది, మస్తు పనికొస్తది: ఇంట్ల వై-ఫైకి ఏ పేరు ఏ పాస్‌వర్డ్ ఉన్నదో హాట్‌స్పాట్‌కు కూడా అక్షరం తేడా లేకుండ అదే పేరు అదే పాస్‌వర్డ్ పెట్టాలె, అప్పుడు కెమెరా ఇంటి వై-ఫై అనుకొని దానంతట అదే కనెక్ట్ అయితది, మళ్లీ రీసెట్ బటన్ నొక్కుడు, క్యూఆర్ కోడ్ చూపించుడు ఏం ఉండది. ఇంకో ముచ్చట, ఈ కెమెరాలల్ల చాలామట్టుకు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మీదనే నడుస్తయి, ఫోను 5 గిగాహెర్ట్జ్‌ల హాట్‌స్పాట్ ఇస్తే వాటికి అది కనబడనే కనబడది. ఆండ్రాయిడ్ ఫోన్లల్ల హాట్‌స్పాట్ సెట్టింగుల బ్యాండ్ అని ఉంటది అది 2.4కు మార్చాలె, కొత్త ఐఫోన్లల్ల మాక్సిమైజ్ కంపాటిబిలిటీ అని ఉంటది అది ఆన్ చేయాలె. ఈ రెండూ బయలెల్లకముందు ఇంట్లనే రౌటర్ బంద్ చేసి ఒకసారి చూసుకోండ్రి, లాడ్జిల పిల్లగాడు నిద్రకు ఏడుస్తుంటే సెట్టింగులు ఎతుకుడు ఎవ్వరికీ వద్దు.

ఇంకా పెద్ద తిరకాసు ఏందంటే హాట్‌స్పాట్ ఇచ్చే ఫోను కెమెరా పక్కన్నే ఉండాలె. ఫోను జేబుల పెట్టుకొని కింద హోటల్ల టిఫిన్‌కు పోయినమనుకో, రూంల కెమెరాకు నెట్టు లేదు, ఇంక దాంతోటి ఏం లాభం. అందుకే ఒక పాత ఫోన్ల సిమ్ వేసి, ఛార్జింగ్ పెట్టి, రూంల కెమెరా కాడ వదిలేయాలె, చూసేది ఇంకో ఫోన్ల చూడాలె. బాబు దగ్గర రూంల అత్తమ్మ ఉన్నది కాబట్టి మేము కిందికి పోయినం, ఆమె కూడా కునుకు తీసింది, కెమెరా ఉండబట్టి వాడు లేసి కూసున్నది మాకు కింద కనబడింది, ఫోన్ చేసి అత్తమ్మను లేపినం. పిల్లగాని దగ్గర పెద్దోళ్లు ఎవ్వరూ లేకుండ రూంకు తాళం వేసి కెమెరా చూసుకుంట బయట తిరుగుడు మాత్రం నేను ఒప్పుకోను, ఎవరన్నా అడిగినా అదే చెప్త.

డేటా లెక్క కూడా చూసుకోవాలె. లైవ్ వీడియో సెకనుకు 1 మెగాబిట్ తింటదనుకున్నా గంటకు 450 ఎంబీ అయితది, రోజుకు 1.5 జీబీ ప్లాన్ ఉంటే మూడు గంటల ఇరవై నిమిషాలకు ఒడుస్తది, ఆ తర్వాత స్పీడ్ 64 కేబీపీఎస్‌కు పడితే బొమ్మ కదలది. యాప్ల హెచ్‌డీ తీసేసి తక్కువ క్వాలిటీ పెట్టుకోండ్రి, రికార్డింగ్ క్లౌడ్‌ల కాకుండ మెమరీ కార్డుల పెట్టుకోండ్రి, చాలా ఆదా అయితది.

వేములవాడ నుంచి వచ్చినంక ములుగు దిక్కు మా అమ్మోళ్ల ఊరికి పోయినం. అక్కడ లాగిన్ పేజీ బాధ లేదు, తమ్ముడు వై-ఫై పెట్టించిండు, కానీ వేరే తీరు ఇబ్బందులు. మొదటిది తొట్టెల. దూలానికి చీర కట్టి తొట్టెల వేస్తరు కదా, అది ఊగినంతసేపు కెమెరా మోషన్ అలర్ట్ కొడ్తనే ఉంటది, ఫోను ఊకే మోగుతది. తొట్టెలల పండుకునే పిల్లలకు మోషన్ అలర్ట్ బంద్ చేసి ఏడుపు అలర్ట్ ఒక్కటే పెట్టుకోవాలె. అది కూడా గడ్డి కూలర్ పక్కన పెడితే సరిగ్గ పట్టది, కూలర్ మోతల చిన్న ఏడుపు కలిసిపోతది, గట్టిగ ఏడిస్తేనే అలర్ట్ వస్తది. కెమెరాను కూలర్‌కు ఎదురు గోడకు, తొట్టెలకు దగ్గర దిక్కు పెట్టినంక జర నయమైంది.

రెండోది దోమతెర. మంచం మీద పండబెట్టినప్పుడు గొడుగు లెక్క విప్పే దోమతెర పెడ్తం, రాత్రి లైటు తీసి ఫోన్ల చూస్తే అంతా తెల్లగ పొగ పట్టినట్టు ఉన్నది, బాబు కనబడడు, తెర మీద గళ్లు మాత్రం ఒక్కొక్కటి మెరుస్తున్నయి. కెమెరా చీకట్ల చూసేది ఇన్‌ఫ్రారెడ్ లైటు తోటి, మన కంటికి ఆనది కానీ ఆ వెలుగు తెరకు తగిలి తిరిగొచ్చి కెమెరా కండ్లల్లనే పడ్తది. కిటికీ అద్దం వెనక నుంచి చూసినా ఇదే కత. దీనికి మందు సులువు, యాప్ల నైట్ విజన్ బంద్ చేసి రూంల ఒక జీరో బల్బు వేస్తే బొమ్మ కొంచెం గరుకుగ ఉన్నా పిల్లగాడు కనబడ్తడు, ఊపిరి తీస్తుంటే కడుపు లేసుడు దిగుడు కూడా ఆనుతది.

వైరు గురించి మాత్రం ఏ ఊర్లె ఉన్నా అలకగ తీసుకోవద్దు. అమెరికాల కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ మానిటర్ వైర్లు పిల్లల పక్కకు కనీసం 3 అడుగుల దూరంల ఉండాలె అంటది, వైరు మెడకు చుట్టుకొని పసిపిల్లలు చచ్చిపోయిన ఘటనలు జరిగినయి. తొట్టెల అయితే అది ఊగి ఎంత దూరం వస్తదో అక్కడి నుంచి 3 అడుగులు కొలవాలె.

కరెంటు పోతే ఏమైతదో కూడా చూసిన. కెమెరా బంద్, రౌటర్ బంద్, ఫోను మాత్రం సప్పుడు చేయది. ఈ వస్తువుతోటి నాకు నిజంగ భయమున్నది ఇక్కడనే: అలర్ట్ రాలేదంటే పిల్లగాడు మంచిగ పండుకున్నడని మనం అనుకుంటం, అది నెట్టు పోయి కూడా కావచ్చు. ఫోన్ల బ్యాటరీ సేవర్ ఉంటే అది యాప్‌ను ఆపేస్తది, అప్పుడు కూడా ఇంతే. అందుకే నేను అలర్ట్ మీద ఆధారపడకుండ లైవ్ సౌండ్ ఆన్ల పెట్టుకుంట, ఫ్యాన్ గుయ్‌మనే సప్పుడు ఆగిందంటే లైన్ తెగిందని వెంటనే తెలుస్తది. యాప్‌కు బ్యాటరీ సెట్టింగుల అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టుకోండ్రి. కొనేటప్పుడు అడాప్టర్ మీద వోల్టులు చూడుండ్రి, 5 వోల్టులది అయితే కరెంటు పోయినా మామూలు పవర్ బ్యాంక్ తోటి నడిపించొచ్చు, 9 వోల్టులదో 12 వోల్టులదో అయితే అట్ల నడవది.

సుట్టాల ఇంట్ల కెమెరా పెట్టేటప్పుడు ఇంకో మర్యాద ఉన్నది, దాని గురించి ఎవ్వరూ రాయరు. మా అమ్మ పొద్దుగాల ఆ రూంలకు వచ్చి, "బిడ్డా, దాన్ని గోడ దిక్కు తిప్పు, నేను చీర మార్చుకోవాలె" అన్నది. నిజమే కదా, మనం పిల్లగానికి పెట్టుకున్నం కానీ ఆ రూంల పండేది నలుగురు, వాళ్ల మాటలు, వాళ్ల బట్టలు అన్నీ దాంట్ల పడ్తయి. అప్పటిసంది ఎవరింటికి పోయినా ముందు చెప్పి, వాళ్లు సరే అంటేనే పెడ్తున్న, పిల్లగాడు లేసినంక ప్లగ్ పీకేస్త. యాప్ పాస్‌వర్డ్ వేరేది పెట్టి టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసుకోండ్రి, వచ్చిన అప్‌డేట్ వేసుకోండ్రి.

ఊపిరి, ఆక్సిజన్ చూస్తదని చెప్పే సాక్సులు, బెల్టుల గురించి మా వదిన అడిగింది. నేను అవి కొనలేదు, కొనను కూడా. నిద్రల హఠాత్తుగ చనిపోయే ప్రమాదం తగ్గించనీకి ఇంట్ల ఇట్లాంటి మానిటర్ల మీద ఆధారపడొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022ల ఇచ్చిన సూచనలల్ల కూడా చెప్పింది. ఏడాది లోపు పిల్లలను ఎల్లకిల పండబెట్టాలె, పరుపు గట్టిగ సమంగ ఉండాలె, దిండ్లు మెత్తలు పక్కన పెట్టొద్దు, వాళ్లు చెప్పేది అది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఎక్కువ ఊర్లు తిరిగేటోళ్లయితే నెట్టు అక్కర్లేని రకం చూడుండ్రి, దాంట్ల కెమెరాతోపాటు చేతిల పట్టుకునే చిన్న స్క్రీన్ వస్తది, రెండూ ఒకదానితోటి ఒకటి రేడియోల మాట్లాడుకుంటయి. లాడ్జిల ఓటీపీ గోల లేదు, డేటా ఖర్చు లేదు, లైన్ తెగితే చాలావాటిల్ల స్క్రీనే బీప్ కొడ్తది. మా ఆడపడుచు దగ్గర ఉంది, మేడారం జాతర అప్పుడు కూడా వాళ్ల విడిదిల మంచిగ నడిచింది, అంత జనంల మన ఫోన్లకు నెట్టు దొరుకుడే కష్టం. ధర మనదానికంటే ఎక్కువ, హైదరాబాద్ల ఉన్న తండ్రి చూడనీకి రాదు, డబ్బా మీద రాసిన దూరం ఖాళీ మైదానంల లెక్క, గోడలు అడ్డమొస్తే మస్తు తగ్గుతది.

మాకైతే వాళ్ల నాన్న చూసుకోవాలె కాబట్టి వై-ఫైదే ఉంచుకున్నం, ప్రయాణంల దానికి మూడు ఇస్త. బ్యాగుల కెమెరాతోపాటు పాత ఫోను, పవర్ బ్యాంక్, జీరో బల్బు, పొడుగు ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టుకొని పోతున్నం. లాడ్జిలల్ల ప్లగ్ ఎప్పుడూ మంచం తల కాడనే ఉంటది, బోర్డు లేకుంటే కెమెరాను 3 అడుగుల అవతల పెట్టుడు కాదు.