ఆర్‌టీఎల్ డాంగిల్ మూడేళ్ల తర్వాత: పచ్చి ఫైలే దీని విద్య

టీవీ కోసం తయారైన చిప్పు 2012లో రేడియోగా ఎలా మారిందో ఈపాటికి అందరికీ కంఠస్థమే కాబట్టి ఆ పురాణం వదిలేస్తున్నా. మూడేళ్లు వాడాక, కంప్యూటర్‌కి గుచ్చి రేడియో సిగ్నళ్లు వినే ఈ యూఎస్‌బీ డాంగిల్‌లో నాకు మిగిలిన ఇష్టం ఒక్కటే. గాల్లో వచ్చిన సిగ్నల్‌ని పచ్చిగా తీసుకొచ్చి ఫైల్లో పడేస్తుంది. డీకోడ్ చేసిన, అంటే అంకెలుగా విప్పి రాసుకున్న లాగ్‌లో ఉండేది ఆ రోజుకి నాకు అర్థమైనంతే. పచ్చి ఫైల్లో నాకు అర్థం కానిది కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది. దీని విలువ నాకు తెలిసింది ఫ్రీజర్ పుణ్యమా అని.

మా ఇంట్లో ఉష్ణోగ్రత, తేమ పంపే చిన్న సెన్సార్ ఉంది, 433.92 మెగాహెర్ట్జ్‌ది. దాని సిగ్నల్‌ని రికార్డు చేసి, సిగ్నల్‌ని బొమ్మగా చూపించే ఇన్‌స్పెక్ట్రమ్ అనే ప్రోగ్రామ్‌లో తెరిస్తే పల్సులన్నీ ఒకే పొడవు, అర మిల్లీసెకను. తేడా అంతా మధ్య ఖాళీల్లోనే. ఖాళీ ఒక మిల్లీసెకను ఉంటే సున్నా, రెండుంటే ఒకటి, నాలుగు వచ్చిందంటే సందేశం మళ్లీ మొదలు. మొత్తం 36 బిట్లు, అదే పాట పన్నెండుసార్లు. గుప్పిట్లో పట్టుకుంటే నడిమి 12 బిట్లు కదిలాయి, నోటితో ఆవిరి ఊదితే చివరి 8 కదిలాయి. ఆ రెంటి మధ్య ఎప్పుడు చూసినా 1111 అనే ఉండే నాలుగు బిట్లని చెక్‌సమ్ (సందేశంలో తప్పు దొర్లిందేమో పట్టుకునే లెక్క) అనుకుని రెండు సాయంత్రాలు తగలేశాను. అవి ఊరికే ఉన్నాయి. (ఇలాంటి సెన్సార్ల సిగ్నళ్లని విప్పే ఆర్‌టీఎల్ 433 ప్రోగ్రామ్‌కి ఈ ఫార్మాట్ ముందే తెలుసట. ఆ సంగతి నేను ఆఖర్న చూసుకున్నా, అదీ మంచికే.)

ఉత్సాహం ఆగక ఒక రాత్రి సెన్సార్‌ని ఫ్రీజర్‌లో పెట్టి, రికార్డింగ్ ఆన్ చేసి పడుకున్నా. పొద్దున లాగ్ చూస్తే అంకెలు చక్కగా దిగుతూ దిగుతూ సున్నా దగ్గరికొచ్చి మాయం. తర్వాత రాత్రంతా ఖాళీ. బయటికి తీసిన కాసేపటికి మళ్లీ పలికింది. చలికి బ్యాటరీ చచ్చిందని తేల్చేసి, నోట్సులో కూడా అలాగే రాసుకున్నా. ఫైలు చెరిపేయాల్సింది, బద్ధకం కొద్దీ ఉంచేశా.

ఎనిమిది నెలల తర్వాత, బిట్లని డిగ్రీలుగా మార్చే నా స్క్రిప్టు కొత్తగా రాసుకుంటూ అదే సెన్సార్‌ని మళ్లీ చల్లబరిచాను. తెరమీద 409.1 డిగ్రీలు! సెన్సార్ మొహం మీద మాత్రం మైనస్ 0.5. డాంగిల్ వేడెక్కి పిచ్చెక్కిందేమో అనుకుని బిట్లు విప్పి చూశా: 1111 1111 1011. పల్సులు పలక మీద గీసినట్టున్నాయి, తప్పు వాటిది కాదు. ఆ పన్నెండు బిట్లని మామూలు అంకెగా చదివితే 4091, మైనస్ అంకెల్ని బిట్లలో రాసే రెండు-పూరక పద్ధతిలో చదివితే మైనస్ 5. పదో వంతు డిగ్రీల లెక్కలో అదే మైనస్ 0.5. సున్నా కిందికి దిగగానే నా లెక్కలో వేడి నాలుగు వందలు దాటిపోతోందన్నమాట. పాత స్క్రిప్టులో వంద దాటినవన్నీ చెత్త కింద పారేయమని నేనే ఒక షరతు పెట్టుకున్నాను. కొత్తదాంట్లో అది పెట్టడం మర్చిపోయా, బతికిపోయా.

వెంటనే కొత్త స్క్రిప్టుకి మైనస్ చదవడం నేర్పి, ఆ పాత ఫైల్ని తినిపించా. ఖాళీ అనుకున్న రాత్రంతా వరసగా బయటికొచ్చింది, మైనస్ 18.2 దాకా. బ్యాటరీ చావలేదు, సిగ్నల్ ఆగలేదు, పాపం సెన్సార్ రాత్రంతా చెబుతూనే ఉంది. నోట్సులో ఆ వాక్యం కొట్టేశాను.

పచ్చిగా అన్నాను గానీ, ఇది 8 బిట్ల పచ్చి, అంటే సిగ్నల్ బలాన్ని 256 మెట్లలోనే కొలుస్తుంది. సెన్సార్‌ని యాంటెన్నా పక్కనే పెట్టి గెయిన్‌ని (సిగ్నల్‌ని ఎంత పెంచాలన్నది) ఆటోకి వదిలేశానా, పల్సుల తలలు తెగిపోయేవి, ఖాళీల్లోకి హోరు ఉబికి వచ్చేది. ఒకసారి 36 బిట్లు, ఇంకోసారి 41. పక్క గదిలో పెట్టి గెయిన్ చేత్తో బిగించాక కుదుటపడింది. రికార్డు చేసేటప్పుడే తల తెగితే తర్వాత ఏ స్క్రిప్టూ అతికించలేదు.

డిస్క్ సంగతి కూడా చెప్పాలి. సెకనుకి 24 లక్షల శాంపిళ్లు, అంటే సిగ్నల్‌ని అన్నిసార్లు కొలిచి రాయడమంటే గంటకి 17 గిగాబైట్లు. మొదటి వారమే ల్యాప్‌టాప్ నిండిపోయింది. ఇలాంటి సెన్సార్లకి రెండున్నర లక్షలు చాలు, గంటకి రెండు గిగాబైట్ల లోపే. ఫ్రీజర్ రాత్రి మిగిలింది ఆ తగ్గింపు వల్లే.

కారు తాళం జోలికి వెళ్లేవాళ్లకి ఒక మాట. కీలాక్ లాంటి రోలింగ్ కోడ్‌లో (వాడిన కోడ్ మళ్లీ పనికిరాకుండా చేసే తాళం పద్ధతి) నొక్కిన ప్రతిసారీ 32 బిట్లు మారిపోతాయి. ఎన్ని ఫైళ్లు దాచుకున్నా అక్కడ చేతికొచ్చేది సీరియల్ నంబరు, ఏ బటన్ నొక్కారన్నది, అంతే.

మరి కొనాలా అంటే, నా వాడకం చెబుతా, మీరే చూసుకోండి. శని, ఆదివారాల్లో, నా ఇంట్లోవే, నిదానంగా మాట్లాడే పరికరాలు. నేను వినేవాణ్ణే, తిరిగి పంపాలని లేదు, పంపడం దీనికి చేతనూ కాదు. ఈ పాటి పనికి ఇంతకు మించి ఎందుకో నాకు తోచలేదు. మీకు కావాల్సింది బ్లూటూతో వైఫైయో అయితే ఇది ఆ ఫ్రీక్వెన్సీ దాకా ఎక్కదు, నా డాంగిల్‌లో స్టేషన్ పట్టే ట్యూనర్ 1.7 గిగాహెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది.