పారాసెటమాల్, ఐబుప్రొఫెన్: దేనికి ఏది మేలు?

మందుల షాపుకెళ్లి "ఒళ్లు నొప్పులకి పవర్ ఎక్కువున్న బిళ్ల ఇవ్వండి" అని అడిగేవాళ్లు చాలామంది. పారాసెటమాల్‌కి పవర్ తక్కువ, ఐబుప్రొఫెన్‌కి ఎక్కువ అనుకోవడంలోనే చిక్కుంది. అవి పనిచేసే చోట్లు వేరు, చెరుపు చేసే చోట్లూ వేరు.

దెబ్బ తగిలినా, వాచినా అక్కడి కణాలు ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల్ని తయారుచేస్తాయి. నొప్పికి, వాపుకి చాలావరకు ఇవే కారణం. వీటి తయారీకి కావలసిన కాక్స్ ఎంజైముని ఐబుప్రొఫెన్ ఒళ్లంతా అడ్డుకుంటుంది. అందుకే పన్ను నొప్పికి, బెణుకుకి, కీళ్ల వాపుకి అదే మెరుగు. నెలసరి నొప్పికి కూడా అంతే. ఆ రోజుల్లో గర్భసంచిని గట్టిగా బిగించేవి ప్రోస్టాగ్లాండిన్లే కాబట్టి, నొప్పి మొదలవగానే వేసుకుంటే బాగా పనిచేస్తుంది.

కానీ కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, కిడ్నీలకి రక్తం సరిగ్గా అందేలా చూసేవీ ఈ రసాయనాలే. అందుకే అల్సర్ ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, 20 వారాలు దాటిన గర్భిణులు ఐబుప్రొఫెన్‌ని సొంతంగా వేసుకోకూడదు. మిగతావాళ్లు కూడా పరగడుపున వేసుకోకపోవడం మంచిది. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడగాలి, ఎందుకంటే ముందు ఐబుప్రొఫెన్ వేసుకుంటే ఆస్పిరిన్ పని దెబ్బతింటుంది.

పారాసెటమాల్ ఎక్కువగా మెదడులో పనిచేస్తుంది. జ్వరం తగ్గిస్తుంది, ఓ మోస్తరు నొప్పి తగ్గిస్తుంది, వాపుని మాత్రం పెద్దగా తగ్గించదు. కడుపు జోలికి, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల జోలికి దాదాపుగా పోదు. అందుకే జ్వరానికి నా ఓటు పారాసెటమాల్‌కే, అందులోనూ వానాకాలంలో. డెంగీలో అసలే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఉన్నవాటి పనిని కూడా ఐబుప్రొఫెన్ మందగింపజేస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. జ్వరం ఎందుకొచ్చిందో తేలేవరకు ఐబుప్రొఫెన్‌ని ముట్టుకోవద్దు.

అలాగని పారాసెటమాల్ ఎన్నైనా మింగొచ్చని కాదు. అందులో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది, కాలేయంలోనే నిల్వ ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని విరిచేస్తుంది. మోతాదు మించితే ఆ నిల్వ అయిపోయి విషం కాలేయ కణాల్నే చంపుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు హద్దు. 650 మిల్లీగ్రాముల బిళ్లలు ఆరు వేసుకుంటే 3.9 గ్రాములు. మద్యం అలవాటు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ. జలుబు బిళ్లల్లోనూ, కాంబిఫ్లామ్‌లోనూ పారాసెటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో కలపాలి. పొరపాటున ఎక్కువ వేసుకుంటే మొదటి రోజు వికారం తప్ప ఏమీ తెలియకపోవచ్చు. బాగానే ఉందని ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. విరుగుడు మందు ఎసిటైల్‌సిస్టీన్ మొదటి 8 గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది.

పిల్లల మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి చూడాలి. పారాసెటమాల్ అయితే ఒక్కసారికి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. సిరప్ సీసాల్లో 5 మిల్లీలీటర్లకి 120 ఉన్నవీ, 250 ఉన్నవీ రెండూ దొరుకుతాయి. సీసా మారినప్పుడు పాత కొలతే పోస్తే మోతాదు రెట్టింపు కావచ్చు, అందుకే ప్రతిసారీ లేబుల్ చదివి పోయండి.