చెంచు పెంటల్లో ప్రభుత్వ ఇల్లు: కాంట్రాక్టరు కట్టాలా, కుటుంబమే కట్టుకోవాలా?

నల్లమలలోని చెంచు పెంటలకు, అంటే అడవిలో చెంచులు ఉండే చిన్న ఆవాసాలకు, ప్రభుత్వ ఇల్లు రెండు దారుల్లో రావచ్చు. ప్రభుత్వ శాఖే టెండరు పిలిచి, ఒకే నమూనాలో ఇళ్ల వరుస కట్టించి తాళాలు అప్పగించడం మొదటిది. తెలంగాణలో రెండు పడక గదుల ఇళ్లను ఈ పద్ధతిలోనే కట్టించారు. 2023 నవంబరు 15న ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం జన్‌మన్‌ది రెండో దారి. అందులో అత్యంత వెనుకబడిన ఆదివాసీ కుటుంబానికి 2 లక్షల రూపాయలు విడతలవారీగా ఖాతాలో జమ అవుతాయి, ఇల్లు వారే కట్టుకోవాలి.

మొదటి పద్ధతిలో సామగ్రి, రవాణా, కూలీల భారం కుటుంబం మీద పడదు. ఆ మేలు చిన్నది కాదు. అయితే ఇంటి స్థలం, పొయ్యి చోటు, గుమ్మం ఎటు ఉండాలన్నది అందులో ఉండబోయేవారిని అడగకుండానే నిర్ణయమైపోతుంది. తరువాత పైకప్పు కారితే ఎవరిని అడగాలో వారికి తెలియదు, ఎందుకంటే బిల్లు తీసుకున్న కాంట్రాక్టరుకు పెంటతో ఏ సంబంధమూ మిగలదు.

రెండో పద్ధతి సూత్రంగా నాకు నచ్చుతుంది, కానీ అది చేతిలో కొంత డబ్బున్న ఇంటిని ఊహించుకుని తయారైంది. పని ఒక దశకు చేరి, ఫొటో నమోదైతేనే తరువాతి విడత వస్తుంది. అటవీ ఉత్పత్తుల మీద, కూలి మీద బతికే కుటుంబం అంతవరకు సిమెంటుకు, ఇనుముకు, వాటిని అడవి లోపలికి తెచ్చే ట్రాక్టరుకు ఎక్కడినుంచి తెస్తుంది? పులుల అభయారణ్యంలో వాహనానికి అనుమతి కూడా కావాలి. ఇలాంటి చోట ఎవరో ఒక మధ్యవర్తి పెంట ఇళ్లన్నిటినీ గుత్తకు తీసుకుంటే కాంట్రాక్టరు దొడ్డిదారిన వచ్చినట్టే. టెండరులో ఉండే కొద్దిపాటి జవాబుదారీతనం కూడా అప్పుడు ఉండదు.

అయినా డబ్బు కుటుంబం చేతిలో ఉండే పద్ధతే మేలని నా అభిప్రాయం, మోత భారం మాత్రం ప్రభుత్వానిదై ఉండాలి. ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) సామగ్రిని పెంట దాకా చేర్చాలి, అటవీశాఖ అనుమతిని మంజూరుకు ముందే తానే తేవాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన గిరిజన ప్రాంతాల్లో, లబ్ధిదారులను గుర్తించే అధికారం అక్కడి పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది కాబట్టి, ఇంటి నమూనా కూడా ఆ సభలోనే, అధికారులు పెంటకు వచ్చి కూర్చున్నప్పుడే తేలాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ‘అడవి దిగి వస్తేనే ఇల్లు’ అనే షరతు రాతలోనూ మాటలోనూ ఉండకూడదు. ఆ అనుమానం ఒక్కసారి కలిగితే, తరువాత ఏ అధికారి వచ్చినా పెంటలో తలుపు తెరుచుకోదు.