గ్రోవ్ పార్క్ ఇన్, ఆష్‌విల్: రాతి భాగంలో గది దొరికితేనే డబ్బుకు న్యాయం

పేరులో 'ఇన్' అని ఉంది కదా అని పది గదుల పాతకాలపు సత్రాన్ని ఊహించుకుని బయలుదేరితే మొదటి నిమిషంలోనే నిరాశ. నార్త్ కరొలైనాలోని ఆష్‌విల్‌లో, సన్‌సెట్ కొండ వాలు మీద ఉన్న గ్రోవ్ పార్క్ ఇన్‌లో ఇప్పుడు 513 గదులున్నాయి. గోల్ఫ్ మైదానం ఉంది, భూమిలోకి దిగిన స్పా ఉంది, కంపెనీల సమావేశాలకు హాళ్ళున్నాయి, శనివారం వచ్చిందంటే ఏదో ఒక పెళ్ళి ఉంటుంది. ఇద్దరే వెళ్ళి రెండు రాత్రులు ప్రశాంతంగా గడుపుదామనుకునేవాళ్ళకు ఇది గొప్ప చోటు అవుతుందా, ఖరీదైన మామూలు హోటల్ అవుతుందా అన్నది చాలావరకు ఒకే విషయం మీద ఆధారపడి ఉంది. మీ గది ఏ భాగంలో ఉంది?

భాగాలు మూడు. నడుమనున్నది 1913 నాటి రాతి కట్టడం, దాన్ని 'మెయిన్ ఇన్' అంటారు. దానికి ఒక పక్క 1984లో కట్టిన శామన్స్ వింగ్, రెండో పక్క 1988లో కట్టిన వాండర్‌బిల్ట్ వింగ్. ఫొటోల్లో కనిపించే గండశిలలు, ఎర్ర పెంకుల కప్పు, రాగి దీపాలు అన్నీ నడిమి భాగానివే. రెక్కల్లో గదులు పెద్దవి, బాత్‌రూములు విశాలం, కానీ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాక మీరు షార్లట్‌లో ఉన్నారో ఆష్‌విల్‌లో ఉన్నారో కిటికీ చూస్తే గానీ తెలియదు. మెయిన్ ఇన్‌లో గది చిన్నది, బాత్‌రూము ఇంకా చిన్నది. కిటికీ మందపాటి గోడలో లోపలికి ఉంటుంది కాబట్టి పగలు కూడా దీపం వేసుకోవాల్సి వస్తుంది. అయినా ఇద్దరి కోసమైతే ఓటు దానికే. పిల్లలతో, నాలుగు పెట్టెలతో వెళ్తుంటే మాత్రం వింగ్ తీసుకోండి, చరిత్రకు సూట్‌కేసులు పెట్టుకునే చోటు లేదు.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. బుకింగ్ సైట్లలో చవగ్గా కనిపించే గదికి ఏ భాగమో రాసి ఉండదు, లేదా చిన్న అక్షరాల్లో ఉంటుంది. గది వర్ణనలో 'మెయిన్ ఇన్' అన్న మాట కనిపించకపోతే అది వింగ్ అనే అనుకోండి. హోటల్‌కే నేరుగా ఫోన్ చేసి మూడు విషయాలు అడగాలి: గది మెయిన్ ఇన్‌లోనిదేనా, కిటికీ పడమటి కొండల వైపా, వాకిలి వైపా, మంచం కింగా, క్వీనా, రెండు చిన్న మంచాలా. మూడో ప్రశ్న మరిచిపోయి, పెళ్ళిరోజుకని వెళ్ళి చెరో మంచం మీద పడుకున్న జంటలు ఉంటారు. ఇంకొకటి: పాత భాగంలో పై అంతస్తుల గదులు పామ్ కోర్ట్ అనే లోపలి మండువా చుట్టూ ఉంటాయి. మన మండువా లోగిలిలాగే పైనుంచి వెలుతురు పడుతుంది, కింద మాట్లాడే మాట పైకి వినబడుతుంది కూడా. నిద్ర పలచనివాళ్ళు మండువాకు దూరంగా ఇమ్మని ముందే చెప్పాలి.

ఆ రాళ్ళ వెనక కథ తెలిస్తే గది చిన్నదన్న బాధ కాస్త తగ్గుతుంది. ఎడ్విన్ వైలీ గ్రోవ్ టెనెసీలో పుట్టినవాడు, సెయింట్ లూయిస్‌లో మందుల వ్యాపారి. క్వినైన్ చేదు నాలుకకు తెలియకుండా చేసి, 'టేస్ట్‌లెస్ చిల్ టానిక్' పేరుతో మలేరియా మందు అమ్మాడు. సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకునేనాటికే అమెరికా దక్షిణాదిలో గ్రోవ్ టానిక్ ఇంటింటి మందు. అలా నాలుగు రాళ్ళు వెనకేసుకున్న మనిషి, ఆరోగ్యం కోసం ఆష్‌విల్ గాలికి వచ్చి, ఆ డబ్బుతో నిజంగానే రాళ్ళు పేర్పించాడు. వాస్తుశిల్పులు గీసినవి నచ్చక, పత్రిక నడిపిన అల్లుడు ఫ్రెడ్ సీలీకి పని అప్పగించాడు. ఎల్లోస్టోన్ జాతీయ పార్కులోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ అనే హోటల్‌ను మనసులో పెట్టుకుని సీలీ గీసిన బొమ్మే ఈ కట్టడం. రాళ్ళు సన్‌సెట్ కొండ మీదివే, కొన్ని ఒక్కొక్కటి నాలుగున్నర టన్నుల దాకా ఉంటాయి. ఉలి దెబ్బ పడ్డ ముఖం బయటికి కనబడకూడదని, నాచు పట్టి వానకు నానిన ముఖమే పైకి ఉండేలా పేర్చారు. గోడ దగ్గరికి వెళ్ళి చూడండి, చాలా రాళ్ళు కొండ మీద ఉన్నప్పటి రూపంలోనే ఉంటాయి. ఏడాది తిరక్కుండా పని పూర్తిచేసి 1913 జులై 12న తెరిచారు. ఆనాటి విదేశాంగ మంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయన్ వచ్చి ఉపన్యాసం ఇచ్చాడు.

తలుపు తీయగానే వచ్చేది గ్రేట్ హాల్. సుమారు 120 అడుగుల పొడవు, రెండు కొసల్లో మనిషి నిలబడగలిగేంత నిప్పుగూళ్ళు. వాటిలో మొద్దులే వేస్తారు, పుల్లలు కావు. ఈ హోటల్‌లో చూడాల్సిన విచిత్రం ఆ నిప్పుగూటి పక్కనే ఉంది: లిఫ్టు. పొగగొట్టం రాతికట్టు లోపలే లిఫ్టును దాచారు, బయటినుంచి చూస్తే తలుపు తప్ప ఏమీ తెలియదు. హాలులో యంత్రం కనబడకూడదన్నది సీలీ పట్టుదల. లిఫ్టు చిన్నది, నెమ్మది. సామాను బంట్రోతుకు ఇచ్చేసి మీరిద్దరూ ఎక్కండి. దీపాలు, గడియారం, కొన్ని కుర్చీలు న్యూయార్క్ రాష్ట్రం ఈస్ట్ అరోరాలోని రాయ్‌క్రాఫ్ట్ అనే చేతిపని సంఘం పనివాళ్ళు చేసినవి. సుత్తితో కొట్టిన రాగి, నగిషీ లేని ఓక్ చెక్క. 'ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్' అనే ఆ చేతిపని శైలి మీద ఏటా ఫిబ్రవరిలో ఇక్కడే పెద్ద సదస్సు జరుగుతుంది. పాత సామాను మీద ప్రేమ ఉంటే ఆ వారాంతమే వెళ్ళండి, లేకపోతే మెయిన్ ఇన్‌లో గది దొరకదు కాబట్టి దాన్ని తప్పించుకోండి.

నిప్పు ముందు ఊగుడు కుర్చీలు అందరికీ సరిపడా ఉండవు. గదులు తీసుకోనివాళ్ళు కూడా సాయంత్రం గ్రేట్ హాల్‌లోకి వచ్చి కూర్చుంటారు, కాబట్టి శుక్ర శనివారాల్లో అయిదు దాటితే కుర్చీ కోసం కాపలా కాయాల్సిందే. ఉదయం ఏడింటికి దిగితే హాలంతా మీదే. కాఫీ తెచ్చుకుని అప్పుడు కూర్చోవడం మంచి పద్ధతి. సీలీ కాలంలో రాత్రి గట్టిగా మాట్లాడకూడదని, పిల్లలను తీసుకురాకపోతే మేలని అతిథులకు చెప్పేవారు. ఆ క్రమశిక్షణ ఇప్పుడు తెల్లవారుజామున మాత్రమే మిగిలింది.

గోడ మీద పేర్లు చదువుతూ ఒక గంట గడిచిపోతుంది. 1918లో హెన్రీ ఫోర్డ్, థామస్ ఎడిసన్, హార్వీ ఫైర్‌స్టోన్ కలిసి వచ్చారు. 2010లో ఒబామా దంపతులు. 1942లో ఇదే హోటల్‌లో శత్రుదేశాల దౌత్యవేత్తలను నిర్బంధంలో పెట్టింది అమెరికా ప్రభుత్వం. నిర్బంధమంటే ఇలాంటిది కావాలని ఎవరైనా అనుకుంటారు. జంటల విడిది అని ప్రచారం చేసుకునే ఈ చోట అందరికంటే పేరున్న దీర్ఘకాలపు అతిథి మాత్రం ఒంటరివాడే. నవలాకారుడు స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ 1935, 36 వేసవులు 441, 443 గదుల్లో గడిపాడు. రెండో ఏడు అతని భార్య జెల్డా ఇదే ఊళ్ళో హైలాండ్ మానసిక చికిత్సాలయంలో ఉంది.

స్పా గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి: గది తీసుకున్నంత మాత్రాన స్పా రాదు. 2001లో తెరిచిన ఈ స్పా 43,000 చదరపు అడుగులు, కొండ వాలులో రాతి గుహలా తవ్వి కట్టారు. ఖనిజ లవణాల కొలనులు, జలపాతాలు, నీళ్ళలో తల ముంచితే వినిపించే సంగీతం, పైకప్పులో చుక్కల్లా మెరిసే దీపాలు. మసాజ్ లాంటి చికిత్స బుక్ చేసుకున్నవాళ్ళదే మొదటి హక్కు, ఉత్త కొలను పాసులు పరిమితం. కాబట్టి గది ఖాయం చేసిన రోజే స్పా సమయం కూడా ఖాయం చేయాలి. అక్కడికి వెళ్ళాక అడుగుదామనుకుంటే వారాంతంలో తెల్లవారుజామున మిగిలిపోయిన సమయమో, లేదా 'సారీ'యో దొరుకుతుంది. పిల్లలకు ప్రవేశం లేదు, జంటలకు అది లాభమే. మసాజ్ మధ్యాహ్నానికి పెట్టుకుని, దానికి రెండు గంటల ముందే కొలనుల్లోకి దిగండి. మసాజ్ అయ్యాక నూనె ఒంటితో ఎలాగూ నీళ్ళలోకి దిగబుద్ధి కాదు. బిల్లులో సర్వీస్ చార్జీ ముందే కలిపి ఉందేమో చూసుకోకపోతే టిప్పు రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది.

తిండికి వస్తే, సన్‌సెట్ టెర్రస్ మీద భోజనానికి వంటకంటే కూర్చునే వేళ ముఖ్యం. పడమటికి తెరుచుకున్న పొడుగాటి వసారా అది, ఎదురుగా బ్లూ రిడ్జ్ కొండల వరసలు. సూర్యాస్తమయం జూన్ చివర్లో దాదాపు 8:50కి, అక్టోబరు మధ్యలో ఏడుకు కాస్త ముందు, డిసెంబరులో 5:20 ప్రాంతంలో. కొండలు అడ్డం కాబట్టి సూర్యుడు లెక్క కంటే ముందే కనుమరుగవుతాడు. ఆ వేళకు ముప్పావు గంట ముందుకు బల్ల అడగండి, కంచె పక్క వరస కావాలని చెప్పండి. వెనక వరసలో కూర్చుంటే ముందువాళ్ళ తలలే దృశ్యం.

శాకాహారులకు దక్షిణాది వంటలో ఉచ్చులు చాలా ఉన్నాయి. కొలార్డ్ ఆకుకూర పచ్చగా అమాయకంగా కనిపిస్తుంది, పంది మాంసం ముక్కతో ఉడికించడం ఆనవాయితీ. చిక్కుళ్ళూ అంతే. ఇక్కడ బిస్కట్ అంటే మెత్తటి చిన్న రొట్టె, అందులో వెన్న బదులు పంది కొవ్వు (లార్డ్) వేసేవాళ్ళున్నారు. వంటకం పేరు చెప్పి 'వెజిటేరియనా' అని అడిగితే అవునంటారు, 'హామ్, బేకన్, లార్డ్, చికెన్ స్టాక్ ఏదైనా వేశారా' అని విడివిడిగా అడగాలి. గ్రిట్స్ మాత్రం మనవాళ్ళ నాలుకకు తొందరగా అలవాటవుతుంది, మొక్కజొన్న రవ్వతో జావకూ ఉప్మాకూ మధ్య చేసినట్టుంటుంది. అయితే రొయ్యలతో వస్తుందో, ఉత్తదో కనుక్కోండి. ఐస్ టీ అడిగితే పానకంలాంటిది వస్తుంది, తీపి వద్దనుకుంటే 'అన్‌స్వీట్' అనాలి. రెండు పూటలా హోటల్‌లోనే తింటే జేబుకూ నాలుకకూ బరువే. ఒక పూట ఊళ్ళోకి దిగి చాయ్ పానీకి వెళ్ళండి. 2022లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ దేశంలోకెల్లా విశిష్ట రెస్టారెంటుగా ఎంచింది ఈ మన చాట్ దుకాణాన్నే.

ఎప్పుడు వెళ్ళాలి? అక్టోబరు అనే అందరూ అంటారు, అందుకే అప్పుడు ధర ఆకాశంలో, రోడ్డు మీద కార్ల బారులు. ఆకులు పండే లెక్క ఎత్తును బట్టి ఉంటుంది: కొండల మీదుగా సాగే బ్లూ రిడ్జ్ పార్క్‌వే రోడ్డు మీద ఎత్తైన చోట్ల అక్టోబరు మొదట్లోనే రంగు తిరుగుతుంది, ఊరి ఎత్తుకు వచ్చేసరికి నెలాఖరో, నవంబరు మొదటి వారమో. నవంబరు మొదటి వారం మధ్యరోజులు పట్టుకుంటే రంగూ ఉంటుంది, రద్దీ కాస్త తగ్గుతుంది. ఆ తరువాత జింజర్‌బ్రెడ్ ఇళ్ళ పోటీ, అంటే అల్లం రొట్టెతో బొమ్మరిళ్ళు కట్టే పోటీ. 1992లో మొదలైంది, హెలీన్ తుపాను వల్ల 2024లో జరగలేదు. ప్రదర్శన ఉన్నన్నాళ్ళూ నడవాలు తిరునాళ్ళలా ఉంటాయి, ప్రశాంతత కోరేవాళ్ళకు అది సమయం కాదు. జంటలకు అసలైన రోజులు జనవరిలో సోమవారం నుంచి గురువారం దాకా. నిప్పుగూళ్ళు మండుతుంటాయి, కుర్చీలు ఖాళీ, ధర తక్కువ. దానికి మూల్యం ఏమిటంటే, మంచు పడితే బ్లూ రిడ్జ్ పార్క్‌వేకు గేట్లు వేసేస్తారు, అక్కడ రోడ్డు మీద ఉప్పు చల్లరు.

హెలీన్ సంగతి ఇంకా అడుగుతుంటారు. 2024 సెప్టెంబరు 27న వచ్చిన వరద నదీతీరపు కళాకారుల పేటను, బిల్ట్‌మోర్ విలేజ్‌ను ముంచేసింది. కొండ వాలు మీదున్న ఈ హోటల్ నవంబరు 15న మళ్ళీ తెరుచుకుంది. అట్లాంటా, షార్లట్, కేరీ వైపునుంచి వచ్చేవాళ్ళకు దారి ఇబ్బంది లేదు: షార్లట్ నుంచి రెండు గంటల పైచిలుకు, అట్లాంటా నుంచి మూడున్నర, కేరీ నుంచి నాలుగు. నాక్స్‌విల్ వైపునుంచి ఐ-40 రహదారి మీద వచ్చేవాళ్ళు మాత్రం పిజియన్ నది లోయలో రోడ్డు పరిస్థితి చూసుకుని బయలుదేరాలి. కోతకు గురైన ఆ దారిని 2025 మార్చిలో ఒక్కో వైపుకు ఒక్కో వరసతో, గంటకు 35 మైళ్ళ వేగ పరిమితితో తెరిచారు.

చుట్టుపక్కల చూడటానికి బిల్ట్‌మోర్ భవనం ఉంది. 1895లో జార్జ్ వాండర్‌బిల్ట్ తెరిచిన 250 గదుల ఇల్లు, పూట మొత్తం తినేస్తుంది, టికెట్ తేదీతో, ప్రవేశ సమయంతో ముందే కొనాలి. రెండే రాత్రులుంటే దీన్ని వదిలేసినా నష్టం లేదు. హోటల్ నుంచి నడిచి వెళ్ళగలిగే గ్రోవ్‌వుడ్ విలేజ్ చాలు. సీలీ 1917లో తెచ్చిపెట్టిన నేత, చెక్కపని కార్ఖానాల పాత షెడ్లు అవి, పక్కనే పాత కార్ల ప్రదర్శన. మగ్గాల ముందు మంగళగిరి, పోచంపల్లి వాళ్ళు కాసేపు ఎక్కువే నిలబడతారు.

ధర చూసేటప్పుడు ఒక జాగ్రత్త. 2025 మే నుంచి, గది అద్దె మీద హోటల్ అదనంగా వేసే తప్పనిసరి రిసార్ట్ ఫీజును కలిపి మొత్తంగా చూపాలని ఫెడరల్ నియమం వచ్చింది, కాబట్టి అది ఇప్పుడు చివర్లో ఊడిపడదు. పన్నులు, పార్కింగ్ మాత్రం ఇంకా విడిగానే రావచ్చు. హోటల్ మనిషి కారు తీసుకెళ్ళి పెట్టే 'వాలే' పార్కింగ్‌కూ, మీరే పెట్టుకునే దానికీ తేడా రెండు రాత్రులకు ఒక మంచి భోజనమంత అవుతుంది, వాకిట్లో తాళం చేతికిచ్చేముందే అడగండి.

మెయిన్ ఇన్‌లో గది దొరికింది కదా అని సంతోషపడి తాళం జేబులో వేసుకునేముందు నంబరు ఒకసారి చూసుకోండి. 1920ల్లో అయిదో అంతస్తు నుంచి పామ్ కోర్ట్‌లోకి పడి చనిపోయిందని చెప్పే 'పింక్ లేడీ' తిరిగేది 545 గది దగ్గరని హోటల్ వాళ్ళే కథలు చెబుతారు. కావాలని ఆ గదే అడిగేవాళ్ళున్నారు. మీ ఇద్దరిలో ఒకరికి భయమూ ఒకరికి సరదా అయితే, ఆ వాదన కౌంటర్ దగ్గరే తేల్చుకోవడం మంచిది, అర్ధరాత్రి గది మార్చడం కష్టం.