ఆరు వేల ఓజోన్ డబ్బా కొన్నాను, మళ్లీ మగ్గు దగ్గరికే వచ్చాను

స్లీప్ ఆప్నియాకి (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) సీపాప్, అంటే మాస్క్ గుండా ఒత్తిడితో గాలి పంపే మెషిన్, వాడటం మొదలుపెట్టి మూడేళ్లవుతోంది. గురక పోయింది, పగటి కునుకు పోయింది, మిగిలిందల్లా రోజూ పొద్దున్నే మాస్క్ కడిగే పని. అది నాకు మహా బద్ధకం. అందుకే ఆన్‌లైన్‌లో "మాస్క్ లోపల పెట్టి బటన్ నొక్కండి, నీళ్లు అక్కర్లేదు" అని ఓజోన్ వాయువుతో పనిచేసే క్లీనర్ ఒకటి కనబడగానే వెనకాముందు చూడకుండా ఆరు వేలు పోసి తెప్పించాను.

చెప్పుల డబ్బా అంత ఉంటుంది. అరగంటలో పని అయిపోతుంది, చప్పుడు కూడా లేదు, అంతవరకు బాగానే ఉంది. మూత తీస్తే మాత్రం గాలాడని జిరాక్స్ షాపులో వచ్చే ఆ ఘాటు వాసన. కాసేపు ఆరబెట్టి పెట్టుకున్నా రాత్రంతా అదే వాసన పీల్చాల్సి వచ్చింది. నాలుగో రోజుకి గొంతులో గరగర, పొడి దగ్గు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "వాడగా వాడగా తగ్గిపోతుంది సార్" అన్నారు. ఏది, వాసనా, దగ్గా?

పోనీ మాస్క్ అయినా శుభ్రపడిందా అంటే, క్లీనింగ్ అయిన వెంటనే తెల్ల కర్చీఫ్‌తో ముక్కు దగ్గరి సిలికాన్ కుషన్ తుడిచి చూశాను. పచ్చగా జిడ్డు! నాకు తలకి కొబ్బరినూనె రాసుకునే అలవాటు, దానికి మొహం చెమట తోడు. ఓజోన్ క్రిముల్ని చంపుతుందనే అనుకుందాం, జిడ్డుని ఎలా వదిలిస్తుంది? ఆ జిడ్డు వల్లే కుషన్ జారిపోయి, అర్ధరాత్రి పక్కనుంచి సుయ్‌మని గాలి లీకై కంట్లోకి కొడుతోంది.

తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది, అమెరికాలో మందులు, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2020 ఫిబ్రవరిలోనే ఓజోన్, యూవీ లైటుతో పనిచేసే సీపాప్ క్లీనర్ల గురించి హెచ్చరించిందట. అప్పటికి వాటిలో దేనికీ తమ అనుమతి లేదని, ఓజోన్ వాడినవాళ్ల నుంచి దగ్గు, తలనొప్పి, ఆస్తమా లాంటి ఫిర్యాదులు వచ్చాయని చెప్పింది. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన సీపాప్ మెషిన్లు కొన్ని వెనక్కి పిలిచినప్పుడు కూడా, లోపలి ఫోమ్ పాడవడాన్ని ఓజోన్ క్లీనింగ్ ఇంకా పెంచవచ్చని అంది. కొనేముందు చదవాల్సింది, నిజమే. చదివేసరికి రిటర్న్ గడువు దాటిపోయింది.

ఇప్పుడు మళ్లీ పాత పద్ధతే. పళ్లు తోముకునేటప్పుడే కుషన్ ఊడదీసి, మగ్గులో గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, వేలితో రుద్ది కడిగేస్తే రెండు నిమిషాల పని. ఆదివారం పట్టీలు, ట్యూబు, గాలికి తేమనిచ్చే నీళ్ల ట్యాంకు. డెట్టాల్, స్పిరిట్, బ్లీచింగ్ జోలికి పోవద్దు, సిలికాన్ పాడవుతుంది. ఎండలో కూడా వేయకండి, నీడలో ఆరాలి (మా ఆవిడ ఒకసారి ట్యూబుని డాబా మీద బట్టల తాడుకి వేలాడదీసింది, పరుగెత్తి తెచ్చుకున్నాను). మాది బోరు నీళ్లు కాబట్టి ట్యాంకులో తెల్లటి పొర కట్టేది, డిస్టిల్డ్ వాటర్ పోయడం మొదలెట్టాక ఆ బాధ లేదు.

డబ్బాకి ఒక్క స్టార్, అదీ చప్పుడు చేయనందుకు. నూనె రాసుకోవడం మాత్రం రాత్రి నుంచి పొద్దుటికి మార్చాను, లీకు సగం దానితోనే తగ్గింది.