టాహో సరస్సు దగ్గర పడవ తనిఖీ: మా అనుభవం, అభిప్రాయం

కాలిఫోర్నియాలోని శాక్రమెంటో చుట్టుపక్కల ఉండే మాలాంటి తెలుగు కుటుంబాలకు వేసవిలో టాహో సరస్సుకు వెళ్ళిరావడం అలవాటే గానీ, సొంత పడవతో వెళ్ళడం మాకు 2025లోనే మొదటిసారి. నేనూ మా బావగారూ కలిసి కొన్న పాత మోటారు పడవను ఆ నీళ్లలోకి దించాలంటే, వేరే నీళ్ల నుంచి ఆల్చిప్పల్లాంటి బయటి జీవులు దాంతో రాలేదని ముందుగా తనిఖీ చేయించాలి. 2008 నుంచి అమల్లో ఉన్న ఈ పనికి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళాం. పడవ పొడవును బట్టి, కడగవలసిన భాగాలను బట్టి రుసుము మారుతుంది. మా పడవకు గంటన్నర పట్టింది, ఆ సమయమంతా సార్థకమైందనే నా అభిప్రాయం.

తనిఖీకి వచ్చిన అమ్మాయి మొదట అడిగింది, ఈ పడవ చివరిసారి ఏ నీళ్లలో తిరిగిందని. శాక్రమెంటో, శాన్ వాకీన్ నదుల డెల్టాలో అని చెప్పాం. ఆ తరువాత ఆమె చేతితొడుగు తీసేసి, పడవ అడుగుభాగానికి అరచెయ్యి ఆనించి, ముందు నుంచి వెనక్కి మెల్లగా నిమురుతూ వెళ్ళింది. కొత్తగా అంటుకున్న పిల్ల ఆల్చిప్పలు కంటికి ఆనవనీ, చేతికి మాత్రం గరుకు కాగితంలా తగులుతాయనీ చెప్పి, నా చేత కూడా తడిమించింది. మా పడవ నున్నగానే ఉంది. అయితే వెనుక సీటు కింద, పట్టిన చేపలను బతికించి ఉంచే తొట్టి మూత తీస్తే, అడుగున గ్లాసెడు నీళ్లున్నాయి. పడవ అమ్మినాయన అంతా ఆరబెట్టి ఇస్తున్నానంటే నమ్మి, మేము ఆ మూత ఎత్తి చూడనే లేదు. ఆ విషయంలో ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే, ఎందుకంటే ఇంకా దేనికీ అంటుకోకుండా నీళ్లలో తేలే ఆల్చిప్ప లార్వాలు సూక్ష్మదర్శినిలో తప్ప కనబడవు, అలాంటి గ్లాసెడు నీళ్లలోనే అవి ఊళ్లు దాటుతాయి.

టాహో నుంచి వెళ్ళేటప్పుడు వేసే సీలు లేని మోటారు పడవలన్నిటినీ 2025 నుంచి తప్పకుండా కడుగుతున్నారు. కారణం గోల్డెన్ మసెల్ అనే ఆల్చిప్ప. 2024 అక్టోబరులో స్టాక్‌టన్ రేవులో బయటపడింది. ఉత్తర అమెరికాలో అది కనిపించడం అదే మొదలు, ఆ రేవు మా పడవ తిరిగిన డెల్టాలోనే ఉంది. అంతకుముందు, 2007లో, నెవాడా, అరిజోనా సరిహద్దులోని మీడ్ సరస్సులో ఇలాగే బయటి నుంచి వచ్చిన క్వాగా అనే మరో రకం ఆల్చిప్పలు దొరికాయి. ఒక్క ఆడ క్వాగా ఏడాదికి పది లక్షల వరకు గుడ్లు పెట్టగలదు, చల్లటి తడి చోట నీళ్లు లేకుండానే కొన్ని వారాలు బతకగలదు, గొట్టాల లోపల గుత్తులుగా పెరిగి నీటి సరఫరాకే అడ్డుపడుతుంది. కృష్ణా కాలువల పక్కన పెరిగిన నాకు ఇది కొత్త కథ కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపు డెక్క తీసినకొద్దీ పెరగడం చిన్నప్పటి నుంచీ చూశాను. ఒకసారి చేరినదాన్ని వెళ్ళగొట్టడం ఎంత కష్టమో టాహో వాళ్లకూ తెలుసు, అక్కడ ఆసియా చిప్పలు ఇప్పటికే ఉన్నాయి, 2023లో న్యూజిలాండ్ నత్తలు కూడా కనిపించాయి.

కడగడంలో మందులేవీ వాడరు, వేడినీళ్లే. పడవ బయటి భాగానికి 60 డిగ్రీల సెల్సియస్ నీళ్లు కొడతారు; లోపలి తొట్లకు, పంపులు పాడవకుండా, సుమారు 49 డిగ్రీలతో సరిపెడతారు. ఇంజన్‌లోకి వేడినీళ్లు ఎక్కించి, బయటికి వచ్చే నీటి వేడిని థర్మామీటరుతో చూస్తూ, అది కూడా తగినంత వేడెక్కేదాకా ఆపలేదు. "బావా, ఇంకా ఎంతసేపు?" అని నేను అడిగితే, బావగారు ఆ థర్మామీటరు మీంచి చూపు తిప్పకుండానే ఆగమని చెయ్యి చూపించారు.

వెళ్ళదలచినవారు ముందురోజే తూములన్నీ తెరిచి నీళ్లు వదిలేసి, లంగరు తాడు, లైఫ్‌జాకెట్లు, సీట్ల కింది అరలు ఎండబెట్టుకుని వెళ్ళండి. కయాక్‌లు, గాలి ఊదే బోర్డులు ఉంటే వాటినీ అంతే శుభ్రంగా తీసుకెళ్ళాలి.

సాయంత్రం తిరిగి వస్తుంటే, రేవు దగ్గర సిబ్బంది పడవను ట్రైలర్‌కు కలిపి తీగ సీలు వేశారు. పడవ మరో నీటిలో దిగలేదనడానికి అదే రుజువు, అది తెగకుండా ఉంటే మళ్ళీ ఈ తనిఖీ అక్కర్లేదు. ఆగస్టులో బావగారు డెల్టాకు వెళ్దామన్నారు గానీ, షెడ్డులో ఆ తీగ చూశాక ఇద్దరం టాహోకే వెళ్ళాలని నిశ్చయించుకున్నాం.