తోల్‌స్తోయ్ ‘యుద్ధం–శాంతి’: మొదలుపెట్టాలా, ఆగాలా?

మూడోసారి చేతిలోకి తీసుకుంటే గాని లియో తోల్‌స్తోయ్ ‘యుద్ధం–శాంతి’ని నేను చివరిదాకా చదవలేకపోయాను. మొదటి రెండుసార్లూ ఎక్కడ, ఎందుకు ఆగిపోయానో ఇప్పుడు నాకు స్పష్టంగా తెలుసు కనుక, ఈ పుస్తకం కొనాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా అని తర్జనభర్జన పడుతున్నవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

చాలామంది భయపడేది దీని పరిమాణాన్ని చూసి. 1869లో సంపూర్ణంగా పుస్తకరూపం దాల్చిన ఈ రచనలో నాలుగు సంపుటాలు, రెండు భాగాల ఉపసంహారం, మొత్తం 361 అధ్యాయాలు, ఐదువందలకు పైగా పాత్రలు ఉన్నాయి. అయితే అధ్యాయాలు చాలావరకు చిన్నవి. రోజుకొకటి చొప్పున చదివినా ఏడాది తిరిగేలోగా పూర్తవుతుంది. మంచి అనువాదంలో భాష కూడా అంతగా ఇబ్బంది పెట్టదు. ఈ నవలకు కావలసింది జ్ఞాపకం, ఆపైన మొదటి వంద పేజీలపాటు ఏమీ అర్థం కానట్టు ఉన్నా కంగారుపడని ఓర్పు.

ఆ ఓర్పు లేకనే నేను మొదటిసారి విడిచిపెట్టాను. కథ 1805 జూలైలో పీటర్స్‌బర్గ్‌లోని అన్నా పావ్లోవ్నా షేరర్ ఇంట ఒక సాయంకాలపు గోష్ఠితో మొదలవుతుంది. మూలంలో మొదటి మాటలే ఫ్రెంచిలో ఉంటాయి. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకముందే అతిథులు ఒక్కొక్కరే వచ్చి నెపోలియన్ గురించి, పెళ్లి సంబంధాల గురించి, ఆస్తుల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. దానికి తోడు రష్యన్ పేర్ల పద్ధతి ఒకటి. కథానాయిక నతాషానే నతాల్యా ఇల్యీనిచ్నా అనీ, తండ్రి పేరు ఇల్యా కావడం వల్ల ఆ రెండో మాట వచ్చిందనీ తెలియక వారిద్దరూ వేరువేరు మనుషులనుకున్నాను. నికొలాయ్ అన్న పేరు నతాషా అన్నకు ఉంది, మరో ముఖ్యపాత్ర ఆంద్రేయ్ తండ్రికి ఉంది, ఆంద్రేయ్ కొడుక్కీ ఉంది. నేను కొన్న చవక ప్రతిలో పాత్రల పట్టిక గాని, వంశవృక్షం గాని లేవు. అచ్చు కూడా కళ్లు నొప్పి పుట్టేంత సన్నగా ఉంది. పాత్రల పట్టిక లేని ప్రతిని కొనవద్దని గట్టిగా చెబుతాను.

ఇంగ్లిషులో చదవదలచినవారికి మరో ఎంపిక ఉంది. 2007లో వచ్చిన పీవియర్, వొలొఖోన్‌స్కీ దంపతుల అనువాదం ఫ్రెంచి సంభాషణలను అలాగే ఉంచి అడుగున అర్థం ఇస్తుంది. 2005 నాటి ఆంథొనీ బ్రిగ్స్ అనువాదం వాటిని ఇంగ్లిషులోకి మార్చేసింది. మూలానికి మొదటిది దగ్గరే కాని, తొలిసారి చదివేవారికి, చూపు మాటిమాటికీ పేజీ అడుగుకు పోకుండా ఉండాలంటే, రెండోదే మేలని నా అభిప్రాయం.

రెండోసారి మూడో సంపుటం దగ్గర ఆగిపోయాను. అక్కడ తోల్‌స్తోయ్ కథను పక్కన పెట్టి, 1812 యుద్ధానికి కారణమేమిటని అడుగుతాడు. పండిన ఆపిల్ చెట్టు మీది నుంచి ఎందుకు పడుతుందని మరో ప్రశ్న వేస్తాడు. నతాషా ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రంలో ఉన్న నాకు ఈ చర్చ అడ్డుగోడలా తోచింది. అప్పట్లోనూ పాఠకులకు ఇది మింగుడుపడలేదు. 1873 ముద్రణలో రచయితే ఈ చర్చల్లో చాలా భాగాన్ని చివరికి మార్చాడు; అవి తరువాతి కాలంలో మళ్లీ తమ చోటికి చేరాయి. అవి అక్కడ ఉండవలసినవేనని ఇప్పుడు నమ్ముతున్నాను. బొరొదినో యుద్ధరంగంలో తెల్ల టోపీతో, ఏం జరుగుతోందో తెలియక తిరిగే పియేర్‌ను, సైనికుడు కాని ఆ ముఖ్యపాత్రను, చూసినప్పుడు, యుద్ధం ఏ ఒక్కరి ఆజ్ఞ ప్రకారమూ నడవదన్న వాదన ఒక మనిషి అనుభవంగా మన ముందు నిలుస్తుంది. ఉపసంహారం రెండో భాగం మాత్రం కష్టమే. అందులో కథ లేదు, పాత్రలు లేవు. దాన్ని కొన్ని వారాలు ఆగి విడిగా చదివినా నష్టం లేదు.

చరిత్ర ముందుగా చదివి రానక్కరలేదు. 1805లో ఆస్టర్‌లిట్జ్‌లో రష్యా ఓడిందనీ, 1812లో నెపోలియన్ మాస్కో దాకా వచ్చి వెనుదిరిగాడనీ తెలిస్తే చాలు. రోజూ అరగంట కేటాయించగలరా అన్నది మాత్రం నిజాయితీగా ఆలోచించుకోవాలి. పది రోజులు విరామం ఇస్తే పేర్లు చెదిరిపోతాయి. మూడోసారి నేను గట్టెక్కింది ఆ అరగంట నియమంతోనే.

అప్పటికీ సందేహం తీరకపోతే మొదటి సంపుటంలోని రెండో భాగం ముగిసేవరకు చదివి చూడండి. షోన్‌గ్రాబెర్న్ పోరులో తూషిన్ అనే చిన్న అధికారి, రక్షణ దళం లేకుండానే, తన ఫిరంగులతో శత్రువును నిలువరిస్తాడు. ఆ రాత్రి సేనాని బగ్రాతియోన్ రెండు ఫిరంగులను ఎందుకు వదిలేశావని నిలదీస్తే, నిజం చెబితే మరో అధికారికి ముప్పు వస్తుందని తడబడి ఊరుకుంటాడు. ఆంద్రేయ్ లేచి, ఆనాటి విజయం అన్నిటికంటే ఎక్కువగా ఈ ఫిరంగులదీ, ఈ తూషిన్‌దీ అని చెప్పి గదిలోంచి వెళ్లిపోతాడు. అక్కడ మీ గొంతు పట్టేసినట్టయితే మిగిలిన సంపుటాలను నిస్సంకోచంగా మొదలుపెట్టవచ్చు. ఏమీ అనిపించకపోతే పుస్తకాన్ని అమ్మేయకండి, రెండేళ్ల తరువాత అదే భాగాన్ని మళ్లీ తెరవండి.